ఆషాఢం నెల కిస్తీ

మా అన్నయ్య కూతురికి నటనలో మూడేళ్ళ డిగ్రీకి సీటొచ్చింది. వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ. "అత్తా, సీటొచ్చీసింది" అని అది ఫోన్ చేసినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. స్టాఫ్ రూమ్‌లోంచి వరండాలోకి వచ్చి ఇంకోసారి చెప్పించుకున్నాను. చిన్నప్పుడు పైడితల్లమ్మ పండక్కి తీసుకెళ్తే సిరిమాను ఊరేగింపు సంగతి వదిలేసి పులివేషాల వెనకాల పరిగెత్తిన పిల్ల అది. ఇంటికొచ్చాక ఆ అడుగులన్నీ వేసి చూపించేది. అలాంటి పిల్లకి సీటొస్తే అత్తకి సంతోషం కాక ఇంకేముంటుంది?

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళేసరికి టీపాయ్ మీద ఎడ్యుకేషన్ లోన్ దరఖాస్తు ఉంది. ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి రెండున్నర లక్షలు, మూడేళ్ళకి 7,50,000. అన్నయ్య పెన్ను చేతిలో పట్టుకుని, "నువ్వూ లోన్ పెట్టే చదివేవు కదా. నువ్వు చెప్పు, సంతకం పెట్టీమంటావా?" అన్నాడు. వదిన వంటింటి గుమ్మంలో నిలబడింది. పిల్ల నా మొహమే చూస్తోంది.

"రెండు రోజులు ఆగు అన్నయ్యా" అని వచ్చేశాను. ఆ రెండు రోజులూ పాత డైరీలు, బ్యాంకు కాగితాలు ముందేసుకుని రాసిందే ఇది. వాళ్ళ ముగ్గురి కోసమే మొదలుపెట్టాను. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇలాంటి ఫారం ముందు కూర్చున్న ఇళ్ళు ఇంకొన్ని ఉంటాయి కాబట్టి అందరి ముందూ పెడుతున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. నాటకం చదువుకోవడం మంచిదే. అప్పు చేసి చదవడం మాత్రం వద్దు. ఈ రంగంలో సంపాదన తక్కువ అన్నది అందరికీ తెలిసిందే, అదొక్కటే అయితే నేనింత గట్టిగా చెప్పను. అసలు చిక్కు ఇంకోచోట ఉంది.

నేను 2009లో నటనలో రెండేళ్ళ కోర్సుకి 3,60,000 లోన్ తీసుకున్నాను. 4 లక్షల లోపే కాబట్టి తాకట్టు అడగలేదు. వడ్డీ 12 శాతం. చదివే రెండేళ్ళూ, ఆ పైన ఇంకో ఏడాదీ కిస్తీ కట్టక్కర్లేదని చెప్తే ఇంట్లో అందరం కుదుటపడ్డాం. కిస్తీ ఆగింది గానీ వడ్డీ ఆగలేదు. లోన్ ఏడాదికి సగం చొప్పున ఇచ్చారు కాబట్టి ఆ మూడేళ్ళ బారువడ్డీ 1,08,000, అది అసలులో కలిసింది. నాకింకా ఒక దారి అంటూ దొరక్కముందే అప్పు 4,68,000 అయింది. నెలకు 8,260 చొప్పున 84 నెలలు కట్టాను. 2019లో ఆఖరి కిస్తీ అయ్యేసరికి నా చేతుల మీదుగా దాదాపు 6,94,000 వెళ్ళింది.

ఆ కోర్సు నాకేమిచ్చిందో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. గొంతు పెంచడం వేరు, మాటని దూరం పంపడం వేరు అని అక్కడే తెలిసింది. మైకు లేకుండా గుసగుసగా చెప్పిన మాట ఆఖరి వరసలో కూర్చున్నవాళ్ళకి వినపడేలా చెప్పడం నేర్చుకున్నాను. స్టేజీ మీద ఏమీ చేయకుండా ఊరికే నిలబడటానికి నాకు నాలుగు నెలలు పట్టింది. లైటు పక్కనుంచి పడితే కంటి కింద ఏ నీడ వస్తుందో, దానికి రంగు ఎలా వేసుకోవాలో చేసి చూపించారు. మా నాన్న స్కూలు మాస్టారు. ముప్పై ఏళ్ళు నాటకాలు వేశారు. ఆయన తడుముకుంటూ, పక్కవాళ్ళని చూస్తూ నేర్చుకున్నవన్నీ నాకు ఒక వరసలో నేర్పారు. ఆ రెండేళ్ళనీ నేను ఎవరికీ తిరిగి ఇవ్వను.

తర్వాత హైదరాబాదు. సీరియళ్ళలో చిన్న వేషాలు, డబ్బింగ్, వేసవిలో పిల్లలకి వర్క్‌షాపులు, నాటక పరిషత్తు పోటీల్లో నాటికలు. పరిషత్తు నాటకాల సంగతి తెలిసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. మగవాళ్ళలో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ ఇష్టంకొద్దీ వేస్తారు. ఆడవాళ్ళు తక్కువ కాబట్టి ఒకే నటి నాలుగైదు నాటక సమాజాలకి వేస్తుంది, ప్రదర్శనకి ఇంత అని తీసుకుంటుంది. నేనూ అలాగే. రాత్రి బస్సెక్కి గుంటూరు వైపు ఏదో ఊరు, అక్కడ వేషం, రంగు పూర్తిగా కడుక్కోకుండానే మళ్ళీ రాత్రి బస్సు.

2013 డైరీ తీశాను. ఆ ఏడాది మొత్తం నాకొచ్చింది 1,92,000. నెలకు సగటున 16,000. అందులో 8,260 పోతే 7,740 మిగులుతుంది. ముగ్గురం కలిసి ఉన్న గదిలో అద్దె పంచుకుని దాంతో ఎలాగో బతికేయొచ్చు. కానీ ఆ సగటు నెల ఏడాది పొడుగునా ఒక్కసారి కూడా రాలేదు. ఫిబ్రవరిలో 41,000 వచ్చింది. జులైలో 1,800. ఆషాఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు, ఫంక్షన్లు లేవు, పరిషత్తులు లేవు. స్కూళ్ళు అప్పుడే తెరిచారు, వర్క్‌షాపుల మాట ఎత్తేవాళ్ళు లేరు. బ్యాంకుకి ఆషాఢమూ తెలీదు, మాఘమూ తెలీదు. ఐదో తారీఖుకి 8,260 ఖాతాలో ఉండాలి. లేకపోతే ముందు ఫైను, ఆ తర్వాత విజయనగరంలో మా నాన్నకి ఫోను. ఆ లోన్‌లో ఆయన కూడా అప్పుదారే మరి. ఆ నెల నేను గాజులు తాకట్టు పెట్టాను. నాన్నకి చెప్పలేదు.

నేను చెప్తున్న చిక్కు ఇదే. నటుల ఆదాయం మన చంపావతి ఏరు లాంటిది. వచ్చిందంటే గట్లు తెంచుకుంటుంది, లేదంటే ఇసుకే. ఆ ఏటి మీద ఆధారపడి నెలనెలా ఒకే కొలత నీళ్ళు పోస్తామని పదేళ్ళకి రాసివ్వడమే ఈ లోన్. అందుకే ఎవరైనా ఈ రంగంలో "సగటున ఇంత వస్తుంది" అని చెప్తే నేను వినను. ఏడాదిలో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెల ఏది, ఆ నెల్లో ఎంత వచ్చింది అని అడుగుతాను. కిస్తీని ఆ నెలతో పోల్చి చూడాలి.

అదే ఏడాది చివర్లో ఒక నాటక బృందం వాళ్ళు కన్యాశుల్కం ఎత్తుకున్నారు. పూర్తిగా ఆడాలంటే రాత్రంతా పడుతుంది కాబట్టి మామూలుగా అందరూ బాగా కుదించి ఆడతారు. వీళ్ళు వీలైనంత ఎక్కువ భాగం ఉంచి ఆడదామనుకున్నారు. మూడు నెలలు రిహార్సల్. భోజనం, బస వాళ్ళవి, డబ్బు ఇవ్వలేమన్నారు. నన్ను మధురవాణి వేషానికి అడిగారు. ఆ నాటకం మొట్టమొదట 1892లో ఆడింది మా ఊళ్ళోనే. మొదటి రంగం జరిగే బొంకులదిబ్బ మీదుగా నేను రోజూ స్కూలుకి నడిచేదాన్ని. ఆ వేషం కోసం నేను చిన్నప్పటి నుంచీ ఎదురుచూశానని చెప్తే అందులో అతిశయోక్తి లేదు.

మూడు నెలల కిస్తీలు 24,780. ఆ డబ్బు నా దగ్గర లేదు, అడగడానికి మొహం లేదు. కుదరదని చెప్పి ఒక కార్పొరేట్ స్కూల్లో 14,000 జీతానికి చేరిపోయాను. ఆ వేషం ఇంకో అమ్మాయి వేసింది. మూడో వరసలో కూర్చుని చూశాను. చాలా బాగా చేసింది. దాని తర్వాత ఆమెకి వరసగా మూడు నాటకాల్లో మంచి వేషాలు వచ్చాయి. ఆమెకి నా కంటే ప్రతిభ ఎక్కువా తక్కువా అన్నది నేను తేల్చలేను. ఆమెకి అప్పు లేదు, అది మాత్రం తెలుసు.

నటుల చదువు డిగ్రీతో అయిపోదు. బయటికొచ్చాక నాలుగైదేళ్ళు మంచి దర్శకుల దగ్గర, డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, మంచి వేషాలు వేస్తేనే నేర్చుకున్నది ఒంటికి పడుతుంది. లోన్ కిస్తీలు మొదలయ్యేది సరిగ్గా ఆ సమయంలోనే. మనం అప్పు చేసి రెండు మూడేళ్ళ చదువు కొంటున్నాం, ఆ చదువు పండే ఐదేళ్ళని కిస్తీల కింద జమ చేసేస్తున్నాం.

ఇది ఉత్తరాంధ్ర పేద పిల్లల గోడు మాత్రమే అనుకుంటే పొరపాటు. అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీకి అనుబంధంగా నటనలో రెండేళ్ళ కోర్సు ఒకటి నడిచేది. కొన్ని రకాల కోర్సులకి అక్కడి ప్రభుత్వం ఒక కొలబద్ద పెట్టింది: చదివి బయటికొచ్చినవాళ్ళు ఏటా కట్టే కిస్తీలు వాళ్ళ మొత్తం ఆదాయంలో 8 శాతం లోపు ఉండాలి, లేదా కనీస బతుకు ఖర్చులు తీసేయగా మిగిలినదాంట్లో 20 శాతం లోపు ఉండాలి. 2017 జనవరిలో లెక్కలు బయటపెడితే హార్వర్డ్ వారి ఆ కోర్సు ఆ కొలతలో ఫెయిలయింది. పిల్లల అప్పు సుమారు 78,000 డాలర్లు, బయటికొచ్చాక ఏడాది ఆదాయం సుమారు 36,000 డాలర్లు. ఆ కోర్సు కొత్త అడ్మిషన్లు ఆపేసింది. చదువు చెప్పడం చేతకాక ఫెయిలవలేదు. హార్వర్డ్ అనే పేరు కూడా ఆ కిస్తీని మోయలేకపోయింది. ఇంకో పక్క యేల్ యూనివర్సిటీ నాటక విభాగానికి 2021లో డేవిడ్ గెఫెన్ అనే ఆయన 15 కోట్ల డాలర్ల విరాళం ఇస్తే వాళ్ళు ట్యూషన్ ఫీజే ఎత్తేశారు. కోర్సులో నేర్పేది నేర్పుతూనే ఉన్నారు, పిల్లల మీద బరువు మాత్రం తీసేశారు. నాకు ఇందులో దారి కనిపిస్తోంది.

ఇప్పుడు మా పిల్ల ఫారం చూద్దాం. 10 శాతం వడ్డీ అనుకుందాం. ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున మూడుసార్లు ఇస్తారు. చదువయ్యాక ఇంకో ఏడాది గడువు. ఆ నాలుగేళ్ళలో బారువడ్డీయే 2,25,000. కిస్తీలు మొదలయ్యే రోజుకి అప్పు 9,75,000. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు 12,885. మొత్తం కట్టేది పదిహేను లక్షల నలభై ఆరు వేలు. పదిహేనేళ్ళకి సాగదీస్తే కిస్తీ 10,480 దగ్గరికి తగ్గుతుంది, మొత్తం మాత్రం దాదాపు పద్దెనిమిది లక్షల తొంభై వేలకి పోతుంది. ఆ అమెరికా 8 శాతం కొలతకి పదేళ్ళ కిస్తీ సరిపోవాలంటే పిల్లకి నెలకు 1,61,000 రావాలి. పాతికేళ్ళ వయసులో నాటకం మీద అంత సంపాదిస్తున్నవాళ్ళు నాకు తెలిసి మన జిల్లాల్లో ఒక్కరూ లేరు.

మొత్తం సరిగ్గా ఏడున్నర లక్షలే ఎందుకైంది అని కూడా ఆలోచించాను. ఏడున్నర దాటితే బ్యాంకు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతుంది, లోపల ఉంటే ప్రభుత్వ గ్యారంటీ పథకం కింద తాకట్టు లేకుండా ఇచ్చే వీలుంది. తాకట్టు లేదు కదా అని మనకి ధైర్యం వస్తుంది. కానీ తండ్రి సంతకం ఉంటుంది. పిల్ల రెండు నెలలు కట్టలేకపోతే రేపు మా అన్నయ్య ఇల్లు బాగుచేసుకోవడానికి లోన్ అడిగితే పుట్టదు. వడ్డీ రాయితీ వస్తుందిలే అనేవాళ్ళున్నారు. 4.5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకి ఉన్న పథకం వృత్తి, సాంకేతిక కోర్సులకే. మీ కోర్సు అందులోకి వస్తుందో లేదో సంతకానికి ముందే బ్యాంకులో కాగితం మీద రాయించుకోండి.

కాలేజీ బ్రోచర్లో ఫోటోలు చూపిస్తారు. నాకూ చూపించారు. అక్కడ చదివి పేరు తెచ్చుకున్న నలుగురి ఫోటోలు అట్ట మీద ఉన్నాయి. ర్యాంకుల కోసం కాలేజీలు బయటపెట్టే వివరాల్లో మధ్యస్థ జీతం (జీతాలన్నీ వరసగా పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) అని ఒక అంకె ఉంటుంది, అది కూడా ప్లేస్‌మెంట్ దొరికినవాళ్ళదే. దొరకనివాళ్ళు ఆ అంకెలో ఉండరు. ఐదేళ్ళ కిందట ఈ కోర్సు పూర్తిచేసినవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో ఇవాళ ఎంతమంది ఈ పని మీదే బతుకుతున్నారు అని ఫోన్ చేసి అడగమన్నాను. మా పిల్ల అడిగింది. కనుక్కుని చెప్తామన్నారు.

అన్నయ్య వాదన ఒకటుంది, అది తీసిపారేసేది కాదు. "అందరూ బీటెక్‌కి లోన్లు పెట్టడం లేదా? కళకే ఎందుకు అడ్డం?" అన్నాడు. కళ తక్కువదని నేను అడ్డం చెప్పడం లేదు. బీటెక్ చదివినవాడికి వచ్చేది పదిహేను వేలే అయినా ఒకటో తారీఖున వస్తుంది. నెల జీతం, నెల కిస్తీ ఒకే కేలండర్ మీద నడుస్తాయి. నాటకానికి ఆ కేలండర్ లేదు.

ఇంకో మాట మా నాన్న తరం వాళ్ళది. ఉద్యోగం చేసుకో, సాయంత్రాలు నాటకం వేసుకో అంటారు. మన ప్రాంతంలో ఆ సంప్రదాయానికి గొప్ప పేరే ఉంది. జె.వి. సోమయాజులు గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేస్తూనే తమ్ముడు రమణమూర్తి గారితో కలిసి ఏళ్ళ తరబడి కన్యాశుల్కం ఆడారు. మా నాన్నకి స్కూలు నాలుగున్నరకి అయిపోయేది, ఆరింటికి రిహార్సల్. ఆ సాయంత్రాలు ఇప్పుడెక్కడున్నాయి? నేను పనిచేసే స్కూల్లో హోమ్‌వర్క్ క్లాసులయ్యేసరికి ఏడవుతుంది. ప్రైవేటు ఉద్యోగం చేసే మా నాటక బృందం కుర్రాళ్ళు తొమ్మిదింటికి రిహార్సల్‌కొచ్చి నిద్రకళ్ళతో డైలాగులు చెప్తారు. వాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. ఉద్యోగం ఊతగా నాటకం బతికిందంటే ఆ ఉద్యోగం మనిషికి సాయంత్రాన్ని వదిలిపెట్టింది కాబట్టే.

నటుడు నేర్చుకునే ఏళ్ళకి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్నదే ఎప్పుడూ అసలు ప్రశ్న. విజయనగరం రాజు ఆనందగజపతి కాలంలో కళాకారులని కోట పోషించింది. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి ప్రిన్సిపాల్‌ని చేసిందీ ఆ వంశం రాజావారే. ఘంటసాల గారు ఆ కళాశాలలో చదువుకోవడానికి వచ్చినప్పుడు చేతిలో పైసా లేదు. జోలె పట్టి మధూకరం చేసుకుని చదివారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఫీజు మాట లేకుండా చెప్పారు. మన ఊరి ఇల్లాళ్ళు ఆ జోలెలో అన్నం వేశారు. అది ఆ పిల్లవాడికి ఎంత కష్టమో నాకు తెలుసు, మళ్ళీ ఆ రోజులు రావాలని నేను కోరుకోను. కానీ ఆయన చదువు ముగించుకుని వెళ్ళేటప్పుడు ఆ అన్నానికి ఎవరూ కిస్తీ కట్టలేదు. రాజు పోయాడు, జోలె పోయింది, సాయంత్రం ఖాళీగా ఉండే ఉద్యోగమూ పోయింది. ఇప్పుడు ఆ ఖర్చంతా పద్దెనిమిదేళ్ళ పిల్ల పేరు మీద బ్యాంకులో రాస్తున్నాం.

ఇక్కడ నాకే ఎదురయ్యే మాట కూడా దాచకూడదు. ఆ లోన్ లేకపోతే నేను ఇల్లు దాటేదాన్ని కాదు. నాన్న నాటకాలు వేసిన మనిషే అయినా, కూతురి నాటకం చదువుకి చేతి డబ్బు పెట్టేవారు కాదు. పెళ్ళికి దాచింది తీసి ఇవ్వమని అడిగే ధైర్యం నాకూ లేదు. నా అప్పు నేనే తీర్చుకుంటాను అన్న ఒక్క మాట మీద పంపారు. ఆడపిల్లకి ఆ లోన్ గుమ్మం దాటించే టికెట్టు. దానికి నేను కృతజ్ఞురాలినే. అందుకే మా అన్నయ్యకి, వదినకి ఇంకోమాట కూడా చెప్తున్నాను: లోన్ వద్దని నేనంటే, పిల్లని పంపొద్దని దానికి అర్థం చెప్పకండి. అప్పు లేకుండా పంపడానికి మీరు దారి వెతకాలి, నేనూ వెతుకుతాను.

దారులు లేకపోలేదు. ఊళ్ళోనే బీఏ చేస్తే పెద్ద ఖర్చు లేదు. సంగీత కళాశాలలో సాయంత్రం గాత్రం నేర్చుకోవచ్చు, పద్యం పాడగలిగిన నటికి మన జిల్లాల్లో పండగలప్పుడు ఎప్పుడూ పిలుపుంటుంది. తప్పెటగుళ్ళు, జముకుల కథ, తూర్పు భాగవతం చేసేవాళ్ళు ఇంకా మన ఊళ్ళలో ఉన్నారు. తప్పెటగుళ్ళలో గుండెకి రేకు వాద్యం కట్టుకుని గంటసేపు గెంతుతూ పాడే మనిషి ఊపిరి ఎక్కడ దాచుకుంటాడో చూసి నేర్చుకుంటే ఏ కోర్సులోనూ అంత బాగా రాదు. బీఏ అయ్యాక గంటన్నర ప్రయాణంలో ఆంధ్రా యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. హైదరాబాదులో సెంట్రల్ యూనివర్సిటీ, తెలుగు విశ్వవిద్యాలయం ఉన్నాయి. ప్రైవేటు ఫీజులతో పోలిస్తే వీటి ఫీజు చాలా తక్కువ. ఢిల్లీలో 1959లో పెట్టిన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా అయితే మూడేళ్ళూ పిల్లలకి నెలనెలా స్టయిపెండ్ ఇచ్చి మరీ నేర్పుతుంది. సీటు కష్టం, దేశమంతా పోటీ పడతారు. డిగ్రీ ఉండాలి, అప్పటికే కనీసం ఆరు నాటకాల్లో పాల్గొని ఉండాలి. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ళ కళాకారులకి నెలకు 5,000 చొప్పున రెండేళ్ళు స్కాలర్‌షిప్ ఇస్తుంది, దానికి ముందే కొన్నేళ్ళ శిక్షణ చూపించాలి. ఇప్పుడు మొదలుపెడితే అప్పటికి చూపించొచ్చు.

ఇందులో ఏదీ ఖాయం కాదు. మూడేళ్ళు ఊళ్ళో ఉండి ఆఖరికి ఎక్కడా సీటు రాకపోవచ్చు. పిల్ల భయం కూడా అదే, దాని భయంలో తప్పు లేదు. కానీ సీటు రాకపోతే ఇంకో ఏడాది ప్రయత్నించొచ్చు. కిస్తీ మొదలయ్యాక ఇంకో ఏడాది అనే మాటే ఉండదు.

నిన్న వెళ్ళి ఇదంతా వాళ్ళకి చదివి వినిపించాను. గాజుల సంగతి అన్నయ్యకి ఇప్పటిదాకా తెలీదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పిల్ల మాత్రం, "ఆ మధురవాణి మాటలు నీకింకా వచ్చా అత్తా?" అని అడిగింది. అన్నీ వచ్చు అన్నాను. ఇప్పటివరకు రెండు నాటకాలు వేసింది, ఇంకా నాలుగు కావాలి అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. మా బృందానికి సోమవారం రిహార్సల్ ఉంది, చూడ్డానికి వస్తానంది. ఆ యూనివర్సిటీకి ఫీజు కట్టడానికి ఈ నెల 20 దాకా గడువుంది. అన్నయ్య ఇంకా సంతకం పెట్టలేదు.